సగం కారు

"సమ్మెలో ఎవరైనా రాయి విసిరితే అద్దానికి డబ్బులొస్తాయా బాబాయ్?" అని నేనడిగేసరికి మా ఆయన చేతిలో బ్రష్షు ఆగిపోయింది. గుమ్మం పక్కన పీట మీద కూర్చుని డ్యూటీ బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు. డ్యూటీ లేదు. అయినా రోజూ పెట్టేవాడు.

ఆ ఎండాకాలం ఊళ్లో బస్సులన్నీ డిపోల్లోనే ఉండిపోయాయి. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. సగం రూట్లు ప్రైవేటు వాళ్ల చేతికి ఇచ్చేస్తున్నారన్న మాట బయటికి పొక్కిన దగ్గర్నుంచీ సమ్మె. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెరిసే బూట్లతో వెళ్లి డిపో ముందు టెంటులో కూర్చుని, సాయంత్రానికి దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు. నేను ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్ని. కిడ్నీలు చేతులెత్తేసిన వాళ్లను మిషనుకు కలిపి, రక్తం శుభ్రం చేసి ఇంటికి పంపడం నా పని.

బాబాయ్ అంటే మా పిన్ని భర్త. ఇన్సూరెన్స్ ఏజెంటు. మా కారు పాలసీ గడువు దగ్గరపడినప్పుడల్లా తనే వచ్చి, టీ తాగి, మా ఇద్దరి సంతకాలూ తీసుకుని వెళ్లేవాడు. ఆ పూట కూడా అందుకే వచ్చాడు.

"రాళ్లకీ వస్తుందమ్మా. సమ్మెలు, అల్లర్లు అన్నీ ఉన్నాయి ఇందులో," అన్నాడు హుషారుగా. ఆ మాట ఎవరింట్లో కూర్చుని అంటున్నాడో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. టీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరు విసురుతారు రాళ్లు?" అన్నాడు మా ఆయన.

"ఎవరో ఒకరు. ఊరికే అడిగాను."

"ఊరికే అడిగే ప్రశ్న కాదది."

వంటింట్లోంచి అత్తయ్య, "అన్నయ్యగారూ, చక్కెర సరిపోయిందా?" అని అడిగింది. ఇంట్లో మాట వేడెక్కినప్పుడల్లా ఆవిడకు చక్కెర గుర్తొచ్చేది. సరిపోయిందని బాబాయ్ రెండుసార్లు చెప్పాడు.

కారు మా ఇద్దరిదీ. సెకండ్ హ్యాండ్‌ది, చెరి సగం వేసుకుని కొన్నాం. కాగితాల్లో ఇద్దరి పేర్లూ ఉండాలని పట్టుబట్టింది ఆయనే. రేపు తనకేమన్నా అయితే కారు కోసం నేను ఆఫీసుల చుట్టూ తిరగకూడదన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకు చెప్పిన మంచి మాటల్లో అదొకటి. కారుకు రెండు పేర్లున్నాయి కాబట్టి పాలసీకీ రెండు పేర్లు, రెండు సంతకాలు.

నేను నా సంతకం పెట్టేసి పెన్ను ఆయన వైపు జరిపాను. ఆయన బ్రష్షు కింద పెట్టలేదు.

"బస్సులే నడవట్లేదు. కారెందుకు నడవాలి? కొన్నాళ్లు ఉండనీ మామయ్యా."

గడువు దాటితే మళ్లీ కంపెనీ మనిషొచ్చి బండిని చూసుకోవాలనీ, అదంతా తలనొప్పి వ్యవహారమనీ బాబాయ్ నచ్చజెప్పబోయాడు. దాటితే దాటనీ అన్నాడు మా ఆయన. బాబాయ్ నా వంక చూశాడు. నేను బల్ల వంక చూశాను. ఇంక లాభం లేదనుకుని సంతకాల కాగితం బల్ల మీదే వదిలేసి, సంచీ తీసుకుని, చెప్పులేసుకుంటూ, మెట్ల దగ్గర నా చెవిలో, "పెట్రోలుకని ఎవరైనా పదో పరకో ఇచ్చినా తీసుకోకమ్మా. తీసుకున్నావంటే అది టాక్సీ కింద లెక్క. ఆ తర్వాత ఏమైనా అయితే కంపెనీ పైసా ఇవ్వదు," అని చెప్పి వెళ్లాడు. అంటే ఆయనకూ తెలిసిపోయింది.

తెలియనిదేముంది. సమ్మె మొదలైన మొదటి వారంలోనే మా వార్డులో మంచాలు ఖాళీగా కనబడడం మొదలైంది. మా దగ్గరికొచ్చే వాళ్లలో సగంమంది బస్సులో వచ్చేవాళ్లే. డయాలసిస్ అంటే ఇవాళ కుదరకపోతే వచ్చే వారం చేయించుకునేది కాదు. వారానికి మూడుసార్లు రావాల్సిందే. ఒకటి తప్పితే కాళ్లు వాస్తాయి. రెండు తప్పితే ఊపిరి అందదు. అందుకని నేను డ్యూటీకి వెళ్లేటప్పుడు దారిలో ఇద్దర్ని ఎక్కించుకునేదాన్ని. ఒకరు డ్రిల్లు మాస్టారు. స్కూల్లో పిల్లలతో కసరత్తులు చేయించి రిటైరయ్యారు. భార్య పోయింది, ఒక్కరే ఉంటారు. ఇంకొకావిడ బట్టలు కుడుతుంది, వార్డంతా టైలరమ్మ అనే పిలుస్తారు. మాస్టారు ముందు సీట్లో వీపు ఆన్చకుండా నిటారుగా కూర్చునేవారు. టైలరమ్మ వెనక సీట్లో కూర్చుని ఆయన చొక్కా కాలరు ఎవరు కుట్టారో గానీ ఘోరంగా కుట్టారని రోజూ అనేది.

బాబాయ్ వెళ్లాక నేను మా ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. యాజమాన్యం కిరాయిచ్చి ప్రైవేటు కార్లు తిప్పుతోందట. బస్సులు లేకపోయినా ఊరు ఆగలేదని వాటి ఫొటోలు పేపర్లో వేయిస్తోందట. వాటిల్లో రెండు కార్లు తమ డిపో డ్రైవర్లవేనని తేలిందట. ఆ రోజు టెంటులో కొట్టుకున్నంత పనయిందట. అందుకని సమ్మె ముగిసేదాకా కార్మికుల పేరున్న ఏ బండీ బయటి మనుషుల్ని ఎక్కించుకోకూడదని తీర్మానం చేశారు.

"తీర్మానం చదివింది మైకు. లేచి బలపరిచింది నేను," అన్నాడు.

మైకు వాళ్ల యూనియన్ నాయకుడు. ఆయన గొంతుకు మైకు అవసరం లేదు కాబట్టి ఆ పేరొచ్చింది.

"నేను డబ్బులు తీసుకోవట్లేదుగా."

"నాకు తెలుసు. రోడ్డు పక్కన నిలబడి చూసేవాడికి తెలీదు."

"వాళ్లు పేషెంట్లు."

"అందుకేగా ఆసుపత్రికి రెండు బస్సులు మేమే నడుపుతామన్నాం? జీతం వద్దు, ఏమీ వద్దు, తాళాలివ్వండి చాలు అన్నాం. ఇవ్వలేదు. వాళ్లనడుగు, పో."

అది నిజమే. మా పెద్ద డాక్టరు కూడా ఫోను చేసి అడిగారు. యాజమాన్యం వాళ్లు చూస్తామన్నారు తప్ప తాళాలివ్వలేదు. జబ్బువాళ్లు ఇబ్బంది పడేకొద్దీ జనం తిట్టేది డ్రైవర్లనే అని వాళ్లకు తెలుసు. ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు నాకు. నాదాంట్లోనూ ఆయనకు దొరికుండదు. నాకు భయమేసింది అక్కడే. తప్పు ఎవరిదో తేలితే వాళ్లు కాస్త తగ్గుతారు, రెండోవాళ్లు కాస్త బెట్టు చేస్తారు, రెండు పూటలు గడిస్తే సర్దుకుంటుంది.

"మరి మాస్టారు ఎలా రావాలి?" అన్నాను.

ఆయన బూట్లు తొడుక్కుని లేసులు కట్టుకున్నాడు. కట్టినవి విప్పి మళ్లీ కట్టాడు. వెళ్లిపోయాడు.

శుక్రవారంతో గడువు అయిపోయింది. ఆ వారమంతా పాలసీ కాగితం బల్ల మీదే ఉంది, నా సంతకంతో. ఆయన దాని పక్కనే కంచం పెట్టుకుని తిన్నాడు, దాని మీదుగానే చెయ్యి చాపి మంచినీళ్లు అందుకున్నాడు. నేనూ మళ్లీ అడగలేదు. అడిగితే కాదంటాడు, ఆ మాట నోటితో అన్నాక వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు.

శనివారం పొద్దున కారుకు కవరు కప్పేశాను. ఇన్సూరెన్స్ లేకుండా తిప్పితే పట్టుకుంటారన్న భయం ఒక్కటే కాదు. మా దగ్గరికొచ్చే వాళ్లకు మిషను సూదులు గుచ్చే చెయ్యి ఒకటుంటుంది, దానికి చిన్న దెబ్బ తగిలినా ప్రాణం మీదికొస్తుంది. అలాంటివాళ్లను ఎక్కించుకుని ఏ లారీకో గుద్దుకుంటే వాళ్లకు ఎవరు దిక్కు? ఆసుపత్రిలో పనిచేస్తూ అంత తెగింపు నాకు రాలేదు. ఆయనకు ఆ సంగతి తెలుసు. నన్ను ఆపడానికి కాదనాల్సిన పని లేదు, ఊరుకుంటే చాలు.

అత్తయ్య కిటికీలోంచి కవరు కప్పిన కారును చూసి, కొడుకుని పిలిచింది.

"ఒరే, అందులో నీ సగం ఏది? ఇంజనా, డిక్కీయా? నీ సగం నువ్వు ఇంట్లో పెట్టుకుని దాని సగం దానికిచ్చెయ్, నడుపుకుంటుంది."

నాకు నవ్వొచ్చింది. ఆయన మీసం కింద పెదవి కూడా కదిలింది. కానీ ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా చెరోవైపు తిరిగిపోయాం. మామూలు రోజుల్లో అయితే ఆ మాట మీద వారం రోజులు నవ్వుకునేవాళ్లం.

నేను ఎండలో నడిచీ, మా నర్సు స్కూటరు వెనక కూర్చునీ డ్యూటీకి పోయేదాన్ని. టైలరమ్మను వాళ్ల తమ్ముడు బైకు మీద తెచ్చేవాడు. మాస్టారు ఒకసారి మంచినీళ్ల క్యాన్ల బండిలో వచ్చారు. ఆ తర్వాతసారి రాలేదు. ఫోను చేస్తే, "ఎల్లుండి రెండూ కలిపి చేయించుకుంటానమ్మా," అన్నారు, రెండు పూటల తిండి ఒకేసారి తినేస్తానన్నట్టు. అలా కుదరదని ఆయనకూ తెలుసు.

ఎల్లుండి కూడా రాలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం సామాన్ల ఆటోలో, సిమెంటు బస్తాల మధ్య కూర్చోబెట్టి ఎవరో పుణ్యాత్ములు తెచ్చి దింపారు. కాళ్లకు చెప్పులు పట్టలేదు, చేత్తో పట్టుకున్నారు. ఒళ్లంతా నీరు. మంచం మీద పడుకోబెట్టబోతే నా మణికట్టు పట్టుకుని, "వద్దమ్మా, పడుకుంటే మునిగిపోతున్నట్టుంది," అన్నారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే అలాగే ఉంటుంది. డాక్టరు పరుగెత్తుకొచ్చారు. ఆక్సిజన్ పెట్టి, కూర్చోబెట్టి, అలాగే మిషనుకు కలిపాం. నేను పక్కనుంచి కదల్లేదు. నీరు దిగుతున్నకొద్దీ ఆయన కొంచెం కొంచెంగా వెనక్కి వాలారు. వీపు దిండుకు ఆన్చి ఆయన్ని చూడడం అదే మొదటిసారి.

సాయంత్రమవుతుండగా మాస్కు పక్కకు జరిపి, "డ్రైవరుగారు కులాసాయేనా?" అని అడిగారు. మా ఆయన బస్సులో ముందు సీటు ఏళ్లుగా మాస్టారిదే. వాళ్లిద్దరికీ నాకంటే ముందునుంచే పరిచయం.

బాగానే ఉన్నారన్నాను.

"ఆయన్నేమీ అనకమ్మా. నేనూ ఒకప్పుడు సమ్మెలో కూర్చున్నవాణ్ణే. లేచి రావడం అంత సుళువు కాదు."

మాస్కు సరిచేసి ఇవతలికొచ్చేశాను. చేతులు కడుక్కునే చోట నిలబడి చాలాసేపు కడుక్కున్నాను.

ఇంటికొచ్చాక నేనేమీ ఎత్తలేదు. ఆయన అన్నం తింటున్నాడు. మాస్టారు ఎలా ఉన్నారని తనే అడిగాడు. ఎవరో టెంటులో చెప్పారట, సామాన్ల ఆటోలో ఎవరో ముసలాయన్ని తీసుకెళ్లారని. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. మాస్టారు ఆయన్ని ఏమీ అనొద్దన్నారని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉంటే ఆయనకు సుళువయ్యేదేమో. కంచంలో చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. అత్తయ్య మజ్జిగ వెయ్యనా అని అడగబోయి ఊరుకుంది.

మర్నాడు పొద్దున నేను క్యారియరు సర్దుకుంటుంటే బాబాయ్ గొంతు వినిపించింది. నేను పిలవలేదు. మా ఆయనే ఫోను చేసి రమ్మన్నాడట. బాబాయ్ కుర్చీలో కూర్చోకుండా బల్ల పక్కన నిలబడ్డాడు. టీ వద్దన్నాడు. ఆయన టీ వద్దనడం నేనెప్పుడూ వినలేదు.

మా ఆయన నిలబడే రెండు చోట్ల సంతకాలు పెట్టాడు. మొండితనం దిగిందనుకుని చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరికొచ్చాను.

"నువ్వు కూడా ఒకసారి సంతకం పెట్టాలమ్మా, ఇక్కడ," అన్నాడు బాబాయ్ నా వంక చూడకుండా.

"నాది ముందే పెట్టానుగా?"

"అది పాత కాగితం. ఇది వేరు." బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "రెండు పేర్లతో పాలసీ కట్టాలంటే రెండు సంతకాలుండాలి. ఒక పేరు తీసెయ్యాలంటే తీసేసుకునేవాళ్ల సంతకం ఉంటే చాలు. నువ్వు పెట్టేది నీ ఒక్కదాని పేరున కట్టే కొత్త పాలసీకి. కారు కాగితాల్లో మార్పు కూడా నేనే చేయిస్తాను. అల్లుడుగారు..."

"నా పేరు తీసేయించాను," అన్నాడు మా ఆయన. "ఇక నీ ఒక్కదాని సంతకంతో అయిపోతుంది. ఎవరి కోసమూ ఆగక్కర్లేదు."

"పేరు తీయడం ఎందుకు? ఆ సంతకమేదో పాత దాని మీద పెడితే సరిపోయేదిగా?"

"నా పేరున్న బండి తిరగదని నలుగురి ముందు లేచి చెప్పింది నేను. ఆ మాటా పోకూడదు, మాస్టారూ పోకూడదు. ఇంకో దారుంటే చెప్పు."

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. బల్ల మీద చెయ్యి పెట్టుకుని, క్యారియరు మూత ఇంకో చేత్తో పట్టుకుని. దారి ఏదీ తట్టలేదు. సంతకం పెట్టాను. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ పూట చక్కెర ఊసెత్తలేదు.

కంపెనీ మనిషి ఆ సాయంత్రమే వచ్చి కారుకు నాలుగు వైపులా ఫొటోలు తీసుకుని వెళ్లాడు. కవరు తీసి మడతపెట్టింది మా ఆయనే. మడతపెట్టి, డిక్కీలో పెట్టబోయి ఆగి, నా చేతికిచ్చాడు.

సోమవారం మాస్టారినీ టైలరమ్మనూ ఎక్కించుకుని బయలుదేరాను. ఆసుపత్రికి వెళ్లాలంటే డిపో ముందునుంచే పోవాలి. వేరే దారుంది గానీ అది ఊరంతా చుట్టొస్తుంది, మాస్టారు అంతసేపు కూర్చునే స్థితిలో లేరు. పైగా దొంగలా చుట్టుతిరిగి పోవడం నాకిష్టం లేకపోయింది.

టెంటుకు కొంచెం ఇవతల రోడ్డుకు అడ్డంగా తారు డ్రమ్ములు పెట్టారు. మొదటి వారాల్లో అవి లేవు. అప్పుడు, "వెళ్లు వదినా, వెళ్లు," అని చేతులూపిన కుర్రాళ్లే ఇప్పుడు డ్రమ్ముల వెనక వరసగా నిలబడి ఉన్నారు. వారాలుగా జీతాల్లేక, ఎండకి మాడి, మొహాలు మారిపోయాయి. నేను బ్రేకు వేశాను. టైలరమ్మ వెనకనుంచి నా భుజం పట్టుకుంది.

కారును ఎవరో గుర్తుపట్టారు. ఇది అన్న బండే కదా అని ఒకడన్నాడు. అన్నకో న్యాయం మాకో న్యాయమా అని ఇంకొకడు గట్టిగా అన్నాడు. బానెట్ మీద అరచేత్తో చరిచారు. ఒకసారి, తర్వాత రెండోసారి. వాళ్లలో ఒకడు మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాడో. వాడు నా వంక చూడట్లేదు. మాస్టారు సీటుబెల్టు పట్టుకుని ఎప్పట్లాగే నిటారుగా కూర్చున్నారు. సూదులు గుచ్చే చేతిని ఒళ్లో దాచుకున్నారు.

మైకు వచ్చాడు. వంగి కిటికీలోంచి లోపల కూర్చున్నవాళ్లను చూశాడు.

"చెల్లెమ్మా, బయటివాళ్ల బండయితే ఆసుపత్రికని వదిలేస్తున్నాం. మనవాళ్ల బండ్లే ఆపుతున్నాం. నీకు తెలుసుగా."

తెలుసన్నాను. ఇంకేదో చెప్పాలి, పాలసీ చూపించాలి, పేరు మారిందని చెప్పాలి. సంచీ పక్క సీటు కిందుంది. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది గానీ సంచీ తెరవలేకపోయాను. మా ఆయన పేరు లేదని వాళ్లందరి ముందూ నేను చదివి వినిపించాలా?

అప్పుడు ఆయన టెంటులోంచి లేచి వచ్చాడు. తొందరగా రాలేదు. వచ్చి డ్రమ్ము పక్కన నిలబడ్డాడు.

"కారు నాది కాదు," అన్నాడు మైకుతో. "ఆవిడది."

మా ఆవిడది అనలేదు. ఆవిడది అన్నాడు.

మైకు ఆయన వంక చూశాడు, నా వంక చూశాడు. కిటికీ దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. చరిచిన కుర్రాడు బానెట్ మీదనుంచి చెయ్యి తీసేశాడు. మా ఆయన వంగి డ్రమ్మును పక్కకు దొర్లించాడు. బూట్ల మీద తారు పడింది. నేను గేరు వేశాను. ఆయన పక్కనుంచి పోతున్నప్పుడు కిటికీ అద్దం దించే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. నా వైపు చూడలేదు. నేను దాటాక డ్రమ్మును మళ్లీ యథాస్థానానికి దొర్లించడం అద్దంలో కనబడింది.

ఎవరూ రాయి వేయలేదు. కారుకు చిన్న గీత కూడా పడలేదు. ఆసుపత్రి గేటు దగ్గర దిగేటప్పుడు టైలరమ్మ, "నీ చేతులు వణుకుతున్నాయి, ఇవాళ నాకు సూది నర్సుతో వేయించు," అంది.

ఆ తర్వాత రోజూ అదే దారిలో వెళ్లాను. ఎవరో ఒకరు డ్రమ్ము జరిపేవారు. చాలాసార్లు ఆయనే. సాయంత్రం ఇద్దరం ఇంటికొచ్చి ఒకే బల్ల మీద తినేవాళ్లం. ఉప్పు అందించుకునేవాళ్లం, అత్తయ్య మందుల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఆయన నామీద కోపంగా లేడు, అది చూస్తేనే తెలుస్తుంది. కోపమైతే నాకు అలవాటే, దాని మందు నా దగ్గరుంది. ఇది కోపం కాదు.

వానలు పడకముందే సమ్మె ముగిసింది. సగం గెలిచారు. రూట్లు ప్రస్తుతానికి అమ్మబోమని రాసిచ్చారు. మైకును మాత్రం ఎక్కడో దూరం డిపోకు బదిలీ చేశారు. బస్సులు తిరిగిన మొదటి రోజు మాస్టారు నేను కారు తెస్తానన్నా వద్దని, మా ఆయన బస్సు కోసం కాసుకుని కూర్చుని, ముందు సీట్లో ఎక్కి వచ్చారు. ఆ సంగతి ఆయనే నాకు వార్డులో చెప్పారు. ఇంటికొచ్చాక మా ఆయన కూడా చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు. కానీ ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఆ వచ్చే ఆదివారం అత్తయ్యను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అత్తయ్య తయారై సోఫాలో కూర్చుంది. నేను బట్టలు ఆరేస్తున్నాను. ఆయన బాల్కనీ గుమ్మం దాకా వచ్చి ఆగి, "కారు తీసుకెళ్లనా?" అని అడిగాడు.

దాంట్లో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నేనూ ఒకటి అంటించేదాన్ని, అక్కడితో అయిపోయేది. పక్కింటివాళ్ల నిచ్చెన అడిగినట్టు, మర్యాదగా అడిగాడు. కారు కొన్న రోజునుంచీ మేం ఒకరినొకరం అడిగింది లేదు. ఎవరికి పనుంటే వాళ్లు తాళం తీసుకుపోవడమే, రెండోవాళ్లు కావాలంటే తిట్టుకుంటూ నడిచిపోవడమే.

"తీసుకెళ్లు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక తడి దుప్పటి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కింద కారు స్టార్టయ్యి, వెనక్కి వచ్చి, గేటు దాటిన చప్పుడు విన్నాను. ఆయన ఎంత నెమ్మదిగా తీశాడంటే, ఎవరిదో కొత్త బండి నడుపుతున్నట్టుంది.

బాబాయ్‌కి ఆ వారమే ఫోను చేసి, ఆయన పేరు మళ్లీ పెట్టించమన్నాను. కాగితాల పని కదా, నెలలు పట్టింది. మరుసటేడు ఎండల్లో పాలసీ గడువొచ్చేనాటికి అన్నిట్లోనూ రెండు పేర్లూ ఉన్నాయి. మా ఆయన మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. బాబాయ్ రెండు గ్లాసులు టీ తాగాడు. అంతా మునుపటిలాగే అయిందని అత్తయ్య సంబరపడింది.

అయినా ఆయన అడగడం మానలేదు. నేను చాలాసార్లు చెప్పాను, నవ్వుతూ చెప్పాను, విసుక్కుంటూ చెప్పాను, మన కారే కదా, నన్నడుగుతావేంటి అని. సరేననేవాడు. మళ్లీ అడిగేవాడు.

ఒక రోజు నాకు తొందరగా వార్డుకు రమ్మని కబురొచ్చింది. ఆయనకు సెలవు. వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. నేను తాళం చేతిలోకి తీసుకుని రెండు మెట్లు దిగాను. ఎందుకో కాళ్లు ఆగాయి. వెనక్కి వచ్చాను.

"కారు తీసుకెళ్లనా?" అన్నాను.

ఆయన పేపరు దించి నన్ను చూశాడు.

"తీసుకెళ్లు," అన్నాడు. "వెనక ఎడమ టైర్లో గాలి తక్కువుంది. నెమ్మదిగా పో."